భారతమ్మ అడిగిన బండ

ఆ రోజు పొద్దున దశరథం వేసుకున్న పథకం చాలా చిన్నది. చీకటి పూర్తిగా విడవకముందే బండి కట్టాలి, పాలమూరు సడక్ పక్కన తంగెడు పొదల్లో పడివున్న బండను ఎక్కించుకు రావాలి, పెరట్లో నీళ్ళ గోలెం పక్కన వెయ్యాలి, ఆ తర్వాత జొన్నరొట్టె తిని చేనికి పోవాలి. ఇందులో తిరకాసు పడటానికి ఏమీ లేదనే అతను అనుకున్నాడు.

భారతమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి మొగుణ్ణి అడిగింది ఒక్కటే. నగలు అడగలేదు, పట్టుచీర అడగలేదు. బట్టలు ఉతుక్కోవడానికి ఒక మంచి బండ తెచ్చి వెయ్యమంది. పెరట్లో ఉన్నది గుండ్రాయి. దాని మీద ఏది ఉతికినా మురికినీళ్ళు తిరిగి ముఖానికే కొడతాయి. వానలు పోనీ అని కొన్నాళ్ళు, కోతలు కానీ అని కొన్నాళ్ళు దశరథం నెట్టుకొచ్చాడు. ఈలోగా అత్తాపూర్‌లో ఉన్న ఆమె అక్క సక్కుబాయి తన పెరట్లో నున్నటి షాబాద్ బండ వేయించుకుంది. వేయించుకుని ఊరుకోక చెల్లెలి ఇంటికి వచ్చి, గుండ్రాయి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "పాపం" అని ఒక్క మాట అని పోయింది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని కబురు కూడా పంపింది.

"అక్క వచ్చేదాకా చూస్త," అంది భారతమ్మ. "అప్పటికి బండ పడకపోతె అక్కతోనే తల్లిగారింటికి పోత. ఇగ నీ ధోతులు నువ్వే ఉతుక్కో."

భారతమ్మ ఉత్తినే బెదిరించే మనిషి కాదు. పైగా ఆమె రెండు రోజులు ఊరికి పోతేనే దశరథానికి ఇంట్లో కాలు నిలవదు, తిన్నది ఒంటికి పట్టదు. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం అతనికి ఇంతవరకు రాలేదు. అందుకే తంగెడు బరికెలు కొట్టుకోవడానికి పోయి ఆ బండను చూసినప్పుడు, ఎవరో తన కాపురం నిలబెట్టడానికే దాన్ని అక్కడ పెట్టి పోయారనిపించింది.

తోడుకు కుర్మయ్యను పిలుచుకున్నాడు. కుర్మయ్య చేతులు గట్టివి, నోరు అంతకన్నా గట్టిది. ఊరికి మైలు దూరంలో, ఎప్పుడో పూడిపోయిన బావి దిబ్బ దగ్గర ఇద్దరూ గడ్డపారలతో బండను పెకలించారు. కింది వైపు మన్ను రాలుతుంటే కుర్మయ్య వంగి చూశాడు.

"అన్నా, గీ దిక్కు ఏదో రాసినట్టున్నది."

"ఉలిదెబ్బలురా. రాయి కొట్టినోడు గీతలు గియ్యకుండ కొడ్తడా. పట్టు."

గీతలున్న వైపు కిందికి, నున్నటి వైపు పైకి వచ్చేలా బండను బండి మీద వేశారు. అదే పద్ధతిలో తెచ్చి పెరట్లో దించారు. భారతమ్మ బండ చుట్టూ తిరిగింది, అరచేత్తో నిమిరింది, మొగుడి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి దశరథం నడుం నొప్పి మరచిపోయాడు.

కొత్త విసుర్రాయి వచ్చినా, రోలు వచ్చినా, గడప పెట్టినా దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టనిదే ఆ ఇంట్లో వాడరు. భారతమ్మ బండ నిండా పసుపు పూసింది, నాలుగు మూలలా బొట్లు పెట్టింది, ఆరనిచ్చి దండం పెట్టుకుంది. ఆ తర్వాత ఒక చివరన నీళ్ళు చల్లి, మొగుడి ధోవతి తీసుకుని బండ మీద బాదింది. ఆ చప్పుడు పక్కింటి కొండమ్మ చెవిన కూడా పడింది. ధోవతి జాడించి చూస్తే తెల్లటి తెలుపు. ఇంత బతుకు బతికి దాని అసలు రంగు ఇదని దశరథానికి ఆనాడే తెలిసింది. సంబరం పట్టలేక భారతమ్మ వాడలో ఆడవాళ్ళందరినీ పిలిచి బండ చూపిద్దామని బయలుదేరింది.

ఆమె అటు పోగానే ఇటు వీధిలో డప్పు మోగింది. డప్పు కొట్టే పెంటయ్య, పట్వారీ గారి మాటను చాటింపు వేస్తున్నాడు. నగరం నుంచి పాతరాళ్ళను కాపాడే కచేరీ సాబు ఈ మధ్యాహ్నం బస్సులో వస్తున్నారు. సడక్ పక్కన, పూడిన బావి దగ్గర, రాత ఉన్న బండ ఒకటి ఉంది. సర్కారు దాన్ని నిలబెట్టి పక్కనే బోర్డు నాటిస్తుంది, దారిన పోయేవాళ్ళందరికీ అక్కడ ముందు ఏం జరిగిందో తెలియాలి కాబట్టి. ఆ బండను ముట్టుకున్నవాణ్ణి అమీన్ సాబు ఠాణాకు పట్టుకుపోతాడు.

దశరథం కుర్మయ్య ముఖం చూశాడు. కుర్మయ్య బండ ముఖం చూశాడు.

"ఉలిదెబ్బలంటివి గదన్నా," అన్నాడు కుర్మయ్య.

ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. సాబు వచ్చేలోగా బండను ఎక్కడిదక్కడ పెట్టేస్తే ఠాణా తప్పుతుంది. భారతమ్మకు ఏం చెప్పాలో దారిలో ఆలోచించవచ్చు. ఠాణాలో అయితే ఎప్పటికో వదులుతారు గాని భారతమ్మ పోతే ఎప్పుడొస్తుందో తెలియదని దశరథం లోపల దిగులుగానే ఉన్నాడు. అయినా ఇద్దరూ రొప్పుతూ బండను మళ్ళీ బండి ఎక్కించారు. పసుపు కడిగే తీరిక లేకపోయింది. బండి గుమ్మం దాటి వీధిలోకి రావడం, భారతమ్మ ఆడవాళ్ళ గుంపుతో ఎదురు రావడం ఒకేసారి జరిగాయి.

గుంపు ముందు కొండమ్మ ఉంది. ఏటా బోనాలకు అమ్మవారు పూనేది ఆమెకే. ఒంటినిండా పసుపు, నాలుగు బొట్లతో ఎద్దులబండి ఎక్కి వస్తున్న బండను చూసి ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఏ తల్లి బిడ్డా?" అని అడిగింది.

దశరథం ఎద్దుల పగ్గాలు సర్దసాగాడు. అడిగినదానికి ఏదో ఒకటి చెప్పకుండా కుర్మయ్య ఊరుకోలేడు.

"సడక్ మీది తల్లి, పెద్దమ్మా. అన్నకు కలలకొచ్చింది. నన్ను బావి దిబ్బ కాడ నిలబెట్టు అన్నదట."

అది తన బండేనని చెప్పడానికి భారతమ్మ ఒకడుగు ముందుకు వేసింది. అంతలో కొండమ్మ పక్కనున్నామె చంకలోని బిందె అందుకుని ఎద్దుల కాళ్ళ మీద, బండి చక్రాల మీద నీళ్ళు కుమ్మరించేసింది. మిగతా ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. భారతమ్మకు తాను ఇందాకే దాని మీద ధోవతి బాదిన సంగతి గుర్తొచ్చింది. తెచ్చి పెట్టిన మొగుడికే కలలోకి వచ్చిందంటే నిజమే అయి ఉంటుందేమో. ఆమె నోరు మూసుకుంది. దశరథం తర్వాత చెప్తానని కళ్ళతో సైగ చేశాడు. ఆమె అది చూడలేదు, కళ్ళు మూసుకుని లెంపలేసుకుంటోంది.

చాటింపు ముగించుకుని ఇంటికి పోతున్న పెంటయ్య ఈ బండికి అడ్డం వచ్చాడు. పసుపు కనిపిస్తే అతని చేతులు ఆగవు. డప్పు మోగింది. డప్పు విని మగవాళ్ళు, వేపమండలు పట్టుకుని ఇంకొందరు ఆడవాళ్ళు కలిశారు. దశరథం ఎద్దులను ఎంత అదిలించినా అవి డప్పు దెబ్బకు తగ్గట్టు నింపాదిగానే నడిచాయి. వాడ చివరికి చేరేసరికి తల్లికి సడక్ పోచమ్మ అని పేరు వచ్చింది. ఊరు దాటేసరికి మహిమలు వచ్చాయి. ఈమె నిలబడితే వానలు తప్పవని ఒకరు, లెవీ పేరుతో ధాన్యం గుంజుకుపోయే సర్కారు మనుషులకు ఊరి దారి కనిపించదని మరొకరు అన్నారు. ఈ రెండోది అందరికీ బాగా నచ్చింది.

సగం దారిలో కొండమ్మ జుట్టు విరబోసుకుంది. బండి ఆగింది.

"నా వీపు నొస్తున్నది," అంది కొండమ్మ గొంతు మార్చి. "పొద్దున్నుంచి నా వీపు మీద దబదబ కొడుతున్నరు."

కొండమ్మ వీపు నొప్పి ఊరికి కొత్త కాదు. రోజూ లేవగానే ఆమె అనే మాట అదే, కాకపోతే తన గొంతుతో అంటుంది. ఇవాళ దానికి పక్కింటి చప్పుడు కలిసింది. కాని భారతమ్మకు అంత దూరం తోచలేదు. నడి సడక్ మీద సాగిలపడింది.

"తప్పయింది తల్లీ. ఎరుక లేక చేసిన. నీకు కోడిని ఇస్త," అని ఏడ్చింది.

ఎంత భక్తి అని చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకున్నారు. దశరథం మాత్రం ఎద్దుల పగ్గం వదిలేశాడు. భారతమ్మ కోపగించుకోగా చూశాడు, అలగగా చూశాడు, ఇలా భయంతో వణకడం ఎన్నడూ చూడలేదు. ఆ క్షణంలోనే అసలు సంగతి చెప్పేయాలనుకున్నాడు. కుర్మయ్య అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇంక జరంత దూరమే అన్నా," అన్నాడు.

బావి దిబ్బ దగ్గర పట్వారీ అనంతయ్య పరిస్థితి ఇంతకంటే హీనంగా ఉంది. ఆ బండను తాను రోజూ కంటితో చూసుకుంటున్నానని ఆయన పైకి విన్నవించి ఏడాది దాటింది. ఆ దిబ్బ ఎక్కడం మాత్రం ఇవాళే మొదలు. పొదలు తొలగించి చూస్తే బండ పడివున్నంత మేర పాలిపోయిన గడ్డి, నాలుగు వానపాములు ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వీపున బొగ్గు పొయ్యి కట్టుకున్న యుద్ధకాలపు బస్సు పొగ చిమ్ముతూ వచ్చి ఆగింది. షేర్వాణీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ సాబు దిగారు. డ్రైవరు పొయ్యి ఎగదోసుకుంటుంటే వినోదం చూద్దామని ప్రయాణికులంతా దిగారు.

సాబు ఉర్దూలో బండ ఏదని అడిగారు. అనంతయ్య ఆలోచించి, దాన్ని పాల్మాకుల వాళ్ళు ఎత్తుకుపోయారని, ఆ ఊరివాళ్ళకు తమ ఊరంటే మొదటి నుంచీ కన్నుకుట్టు అని మనవి చేసుకున్నాడు. అయితే అమీన్‌ను వెంటబెట్టుకుని పాల్మాకుల పోదాం పదమన్నారు సాబు. పాల్మాకులలో అనంతయ్య వియ్యంకుడు ఉన్నాడు. ఆయన నుదుటి చెమట తుడుచుకుంటుండగా డప్పుల మోత వినిపించింది.

వేపమండలు, నీళ్ళ బిందెలు, మధ్యలో పసుపు బండ, వెనక ఊరికి ఊరు. సాబు కళ్ళజోడు పెట్టుకుని ఎదురు నడిచారు. తన నౌకరీ కాలమంతా జనం పాతరాళ్ళను పగలగొట్టి గోడలు కట్టుకోవడమే చూశానని, చరిత్రను ఇలా మేళతాళాలతో మోసుకొచ్చిన ఊరిని చూడటం ఇదే మొదలని చెప్పి మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. ఊరివాళ్ళే బండను శుభ్రం చేయించడానికి తీసుకుపోయి ఉంటారని అనంతయ్య వెంటనే మాట మార్చాడు. పాల్మాకుల సంగతి ఏమిటని సాబు అడగబోయారు గాని డప్పు మోతలో అది ఎవరికీ వినిపించలేదు.

బండను దించారు. పైన రాత లేదు, తిరగెయ్యమన్నారు సాబు. కొండమ్మ చేతులు చాపి అడ్డం నిలబడింది.

"తల్లిని బోర్ల పడేస్తరా?"

"పెద్దమ్మా, ఇప్పుడు పండుకున్నదే బోర్ల," అన్నాడు దశరథం నీరసంగా. "మొఖం కిందున్నది."

ఆ మాట విని భారతమ్మ ముఖం పాలిపోయింది. అంటే తాను ధోవతి బాదింది తల్లి వీపు మీదే. కొండమ్మ నోట వచ్చింది అక్షరాలా నిజం. ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

బండ తిరగబడింది. నీళ్ళు చల్లి తుడిస్తే వరస వరసగా ఫార్సీ అక్షరాలు తేలాయి. సాబు వంగి చదువుతూ ఒక్కో మాటా ఉర్దూలో చెప్తుంటే అనంతయ్య దాన్ని తెలుగులోకి తిప్పాడు. ఏ నవాబు గెలుపో, ఏ సేనాపతి విడిదో ఉంటుందని ఆయన మొదట గొంతు బాగా పెంచాడు. ఒక జాగీర్దారు తల్లి దారిన పోయే బాటసారుల కోసం ఇక్కడ బావి తవ్వించింది. జనం తలలూపారు. బావి పక్కన ఈ బండను ఏటవాలుగా నిలబెట్టించింది. జనం మళ్ళీ తలలూపారు. దుమ్ము కొట్టుకొచ్చినవాళ్ళు సడక్ వైపు ఈ రాత చూసుకుని, బావి వైపు బట్టలు ఉతుక్కుని, ఆమెను మంచిగా ఒకసారి తలచుకుని పోవాలని కోరింది. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి అనంతయ్య గొంతు బాగా తగ్గిపోయింది.

డప్పు ఆగింది. బస్సు ప్రయాణికుల్లో ఎవరో దగ్గారు.

కొండమ్మ నెమ్మదిగా జుట్టు ముడి వేసుకుంది. "అందుకే తల్లి వీపు నొస్తున్నదన్నది," అంది తన మామూలు గొంతుతో. "ఎన్ని తరాలు ఉతికిండ్రో ఏమో."

ఈ బండను భద్రం చేసింది ఎవరని సాబు అడిగారు. అది తన కనుసన్నల్లోనే ఉండేదని అనంతయ్య మొదలుపెట్టాడు. అయితే ఇందాక పాల్మాకుల వాళ్ళు ఎత్తుకుపోయారని ఎందుకన్నావని సాబు ఈసారి డప్పు అడ్డం లేకుండా అడిగారు. అనంతయ్య కుర్మయ్య వైపు చూశాడు. ఊరందరికీ మాటలు అందించే కుర్మయ్య వంగి ఎద్దు గిట్టలు చూస్తున్నాడు.

దశరథం చూస్తున్నది సాబును కాదు. మోకాళ్ళ మీద కూర్చుని ఇంకా చేతులు జోడించే ఉన్న భారతమ్మను. అతను ముందుకు నడిచాడు.

"కల లేదు, ఏం లేదు సర్కార్," అన్నాడు. "నా ఇంటిది ఏండ్ల నుంచి బట్టల బండ అడుగుతున్నది. నేనే పొద్దున వచ్చి ఇది ఎత్తుకపోయిన. రాత ఉన్నదని తెల్వలే. ఠాణాకు తోలితె నన్ను తోలుండ్రి. ఆమెది తప్పు లేదు. ఆమె ఉతికింది నా ధోతి." అక్కడితో ఆగకుండా భార్య వైపు తిరిగాడు. "నువ్వు లెవ్వే. నువ్వు ఏడుస్తే నేను చూడలేను. నువ్వు తల్లిగారింటికి పోతవేమోనని భయపడి తెచ్చిన."

అంతమందిలో మొగుడు ఆ మాట అంటాడని భారతమ్మ కలలో కూడా అనుకోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. కుర్మయ్య గొంతు సవరించుకుని, ఎత్తేటప్పుడు తానూ ఒక చెయ్యి వేశానని ఒప్పుకున్నాడు. చిన్న చెయ్యే అని కూడా అన్నాడు.

అనంతయ్య ఇదంతా ఉర్దూలో చెప్పడం ముగించాక సాబు ముఖంలో ఏమీ తెలియలేదు. భారతమ్మ దగ్గరికి వచ్చి, తనకు వచ్చిన కాస్త తెలుగులో అడిగారు.

"బండ మంచిగున్నదా, అమ్మా?"

"మంచిగున్నది సాబ్," అంది భారతమ్మ. "ధోతి తెల్లగయింది."

సాబు నవ్వడం మొదలుపెట్టి చాలాసేపటికి గాని ఆపలేకపోయారు. బావి పూడిపోయాక ఆ పుణ్యాత్మురాలి కోరిక తీర్చినవాళ్ళు ఎవరూ లేరని, ఇవాళ పొద్దున ఈమె ఒక్కతే తీర్చిందని, దానికి ఠాణా ఏమిటని అన్నారు. బండ ఉండాల్సింది మాత్రం ఇంటి పెరట్లో కాదు, ఇక్కడే. బోర్డు కూడా ఇక్కడే. కాకపోతే బట్టలుతికే బండ అని బోర్డు పెట్టి పక్కన చుక్క నీళ్ళు లేకపోతే దారిన పోయేవాళ్ళు నవ్వుతారు, కాబట్టి బావి పూడిక తియ్యాలి. సర్కారు పైకం వచ్చే ఏడు వస్తుంది. ఊరంతా ఇక్కడే ఉన్నారు, డప్పు కూడా ఉంది, అంతవరకు ఆగడం ఎందుకన్నారు.

జనం ఒక్కొక్కరే చేలలో పని గుర్తొచ్చి వెనక్కి జరగసాగారు. కొండమ్మ సడక్‌కు అడ్డం నిలబడింది.

"తల్లి అంటె అందరొస్తిరి. మన్ను అంటె పోతరా? నాకు మళ్ళ పూనిందంటే ఒక్కొక్కరి పేరు చెప్త."

ఆమెకు అందరి సంగతులూ తెలుసు. జనం తట్టలు తెచ్చుకున్నారు. నీళ్ళు పడేదాకా ఒడ్డున నిలబడి చూసుకునే బాధ్యతను సాబు, రోజూ కంటితో చూసుకునే అలవాటున్న అనంతయ్యకే అప్పగించి బస్సెక్కారు.

ఆదివారానికి బావిలో ఊట పడింది. బండ ఏటవాలుగా నిలబడింది. పక్కన కొత్త బోర్డు, పైన ఉర్దూ, కింద రెండు వరసల తెలుగు. మొక్కుకున్న కోడిని భారతమ్మ ఎగ్గొట్టలేదు. తల్లి లేదని తేలాక అది ఎవరికి చెందాలన్న ప్రశ్న రాకముందే కొండమ్మ కూర వండేసింది. సక్కుబాయి వచ్చి పెరట్లో ఇంకా గుండ్రాయే ఉండటం చూసి నిట్టూర్చబోయింది. భారతమ్మ ఆమెను మాట్లాడనివ్వకుండా చెయ్యి పట్టుకుని మైలు దూరం నడిపించింది. వాళ్ళు వెళ్ళేసరికి బస్సు ఆగి ఉంది, ప్రయాణికులు దిగి బోర్డు చదువుకుంటున్నారు.

"ఇంత దూరముంటె ఏం లాభమే?" అంది సక్కుబాయి.

"నీది పెరట్ల ఉన్నది అక్కా, నువ్వొక్కదానివి చూస్తవు," అంది భారతమ్మ చీర కొంగు దోపుకుంటూ. "నాది చూడనీకి నగరం నుంచి దిగుతున్నరు."

ఇక తల్లిగారింటి మాట భారతమ్మ ఎన్నడూ ఎత్తలేదు. ఆ ఆదివారం వాళ్ళిద్దరి వెనకాల నెత్తిన బట్టల మూటతో దశరథం నింపాదిగా వచ్చాడు. బండను అతను మోసింది ఒక్క పూటే. మూట మాత్రం బావిలో నీళ్ళున్నన్నాళ్ళూ మోశాడు, ఆ బావి మళ్ళీ ఎండనే లేదు.